మాట ఎక్కడి నుంచి వచ్చింది? పదాల పుట్టుక వెతికేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాటల చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు ఎక్కడ కలిసినా అవే డౌట్లు వస్తుంటాయి. విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ చివరికి అన్నిటినీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా ఆగి చదువుకోవచ్చు, వరుస పాటించక్కర్లేదు. ఉదాహరణలు ఎక్కువగా తెలుగువే.

## మొదలుపెట్టే ముందు

అసలు ఈ పని ఏమిటి? మాటకు అర్థం చెప్పడమేనా?

కాదు. అర్థం చెప్పడం నిఘంటువు పని. ఒక మాట ఇప్పుడున్న రూపానికి, ఇప్పుడున్న అర్థానికి ఏ దారిలో వచ్చిందో ఆధారాలతో చూపించడం మన పని. ఒకప్పుడు ఎలా పలికారు, ఎవరి నుంచి తీసుకున్నారు, ఎప్పుడు ఏ అర్థంలో వాడారు, చుట్టుపక్కల భాషల్లో దాని తోబుట్టువులు ఎవరు అనేవే అసలు ప్రశ్నలు. 'రైతు' అంటే వ్యవసాయం చేసే మనిషి అని అందరికీ తెలుసు. అది అరబ్బీలో మందను, పాలకుడి కింద బతికే ప్రజలను సూచించిన 'రఇయ్యత్' అనే మాట అని, పర్షియన్ మీదుగా రెవెన్యూ లెక్కల్లోకి దిగి, చివరికి పొలం దున్నే మనిషికి పేరుగా స్థిరపడిందని తెలిస్తే మాత్రం ఒక పాలన చరిత్ర మొత్తం కళ్ల ముందుకు వస్తుంది. నన్ను ఈ పనిలోకి లాగింది అదే.

దీనికి సంస్కృతం రావాలా? తమిళం, కన్నడం కూడా నేర్చుకోవాలా?

మొదలుపెట్టడానికి ఏదీ అక్కర్లేదు. కొనసాగించడానికి మాత్రం కన్నడ, తమిళ లిపులు చదవడం వస్తే చాలా మేలు, ఎందుకంటే తెలుగు మాట పక్కన దాని చుట్టాన్ని మీ కళ్లతో మీరే చూడగలుగుతారు. కన్నడ లిపి తెలుగువాళ్లకు కొద్ది రోజుల పని. సంస్కృతంలో ధాతువులు, సంధులు మాత్రం తెలిసినా సరిపోతుంది. చాలామంది వదిలేసేది ప్రాకృతం, అంటే సంస్కృతం పక్కనే జనం మాట్లాడిన పాత భాషలు, మనవాళ్ల నోళ్లలోకి సంస్కృతం మాటలు ఎన్నో వచ్చింది ఆ దారినే. 'ఉపాధ్యాయ' నుంచి 'ఒజ్జ' ఎలా వచ్చిందో నేరుగా చూస్తే అర్థం కాదు. నడుమ 'ఉవజ్ఝాయ' లాంటి ప్రాకృత రూపాన్ని పెడితే వెంటనే తెలుస్తుంది.

తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందంటారు కదా?

తెలుగులో సంస్కృతం మాటలు లెక్కలేనన్ని ఉన్నాయి, అది నిజం. కానీ మాటలు అప్పు తెచ్చుకోవడం వేరు, పుట్టడం వేరు. కన్ను, చెవి, రెండు, మూడు, వాడు, వచ్చు, పోవు లాంటి పునాది మాటలు, వాక్యం కట్టే తీరు, క్రియకు ప్రత్యయాలు తగిలే పద్ధతి అన్నీ తమిళం, కన్నడం, గోండి, కువి లాంటి ద్రావిడ కుటుంబపు భాషలతో కలుస్తాయి. 1816లో ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ అనే మద్రాసు అధికారి, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో ఈ సంగతి ఉదాహరణలతో చూపించాడు. 1856లో కాల్డ్వెల్ అనే మిషనరీ దాన్ని పెద్ద పుస్తకంగా విస్తరించాడు. 'కన్ను' ఒక్కటే తీసుకోండి: తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు, ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలో ఖన్. ఇంత దూరాన ఉన్న చుట్టరికాన్ని అప్పుతో వివరించలేం.

గురువు అంటే చీకటిని పోగొట్టేవాడని చదివాం. 'గు' అంటే చీకటి, 'రు' అంటే పోగొట్టడం. అది తప్పా?

అది నిర్వచనం. మాటలోని అక్షరాల ఆసరాతో ఆ భావాన్ని ధ్యానించే పద్ధతి. దానికి దాని గౌరవం ఉంది, నేను దాన్ని తోసిపుచ్చను. చరిత్ర మాత్రం వేరు. 'గురు' అంటే బరువైన అని. గురుత్వం, లఘువు-గురువు అన్నప్పుడు ఆ అర్థం ఇప్పటికీ మిగిలే ఉంది. లాటిన్ 'గ్రావిస్', గ్రీకు 'బరుస్' దీని తోబుట్టువులు, వాటి అర్థమూ బరువే. బరువైన మనిషి, అంటే మాటకు తూకం ఉన్న మనిషి, గురువయ్యాడు. ఎక్కువ గొడవలు ఈ రెండు పద్ధతులనూ కలిపేయడం వల్లే వస్తాయి. వేదాల్లోని మాటలను వివరించిన యాస్కుడి పాత గ్రంథం నిరుక్తంలోనే దీని ఛాయ కనిపిస్తుంది. నామాలన్నీ క్రియల నుంచే పుట్టాయని శాకటాయనుడి పక్షం, అన్నీ కాదని గార్గ్యుడి పక్షం.

భాషాశాస్త్రంలో డిగ్రీ లేనివాళ్లు చేయవచ్చా?

చేయవచ్చు. ఓపిక, అనుమానం, చక్కగా రాసిపెట్టుకునే అలవాటు ఉండాలి. ధ్వనిశాస్త్రం మొదటి పాఠాలు మాత్రం తప్పనిసరి. ఏ అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో తెలియకపోతే మార్పులు అర్థం కావు.

## మొదటి మాట పట్టుకున్నాక

ఏ మాటతో మొదలుపెడితే మంచిది?

ఇంట్లో, పొలంలో, పనిలో వాడే చిన్న మాటతో. దేవుళ్ల పేర్లు, కులాల పేర్లు, భాష పేరు లాంటి వాటితో మొదలుపెట్టకండి. వాటి చుట్టూ కథలు ఎక్కువ, మనసులు నొచ్చుకునే అవకాశమూ ఎక్కువ. 'చెంబు' లాంటిది తీసుకోండి. తమిళంలో 'చెంబు' అంటే రాగి. 'చెం' అంటే ఎరుపు, మన చెంగలువలో ఉన్నదదే. ఎర్రటి లోహానికి ఆ పేరు వచ్చింది, ఆ లోహంతో చేసిన పాత్రకూ అదే పేరు పడింది, ఇప్పుడు స్టీలు చెంబు, ప్లాస్టిక్ చెంబు కూడా అంటున్నాం. ఒక్క మాటలో రంగు, లోహం, పాత్ర మూడు అడుగులూ కనిపిస్తాయి. మొదటి మాట ఇలాంటిదైతే ఉత్సాహం నిలుస్తుంది.

ముందు ఏ నిఘంటువు తెరవాలి?

నేను మూడు మెట్లుగా చూస్తాను. మొదట తెలుగు నిఘంటువులు: సి. పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885), పిఠాపురం రాజావారి పోషణలో తయారై 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు. సూర్యరాయాంధ్రంలో కావ్య ప్రయోగాలు ఇస్తారు కాబట్టి మాట వయసు కొంత తెలుస్తుంది. బ్రౌన్ మాటల పక్కన ఏ భాషదో గుర్తు పెడతాడు, కానీ అది ఆయన కాలపు అభిప్రాయం. ఇవన్నీ ఆంధ్రభారతి సైట్‌లో ఒకే చోట వెతకవచ్చు.

రెండో మెట్టు బరో, ఎమెనోలు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి (మాటల పుట్టుక) నిఘంటువు. మొదట 1961లో, సవరించిన కూర్పు 1984లో వచ్చింది. 5,500 పైచిలుకు ఆరోపాల్లో (ఎంట్రీల్లో) ఒక్కో మాటకు ద్రావిడ భాషల్లో దొరికిన రూపాలు వరుసగా ఇచ్చారు. షికాగో విశ్వవిద్యాలయం సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మూడో మెట్టు, మాట ఉత్తరాది నుంచి వచ్చిందేమో అనిపిస్తే, టర్నర్ ఇండో-ఆర్య భాషల తులనాత్మక నిఘంటువు. అరబ్బీ, పర్షియన్ మాటలకు ప్లాట్స్ ఉర్దూ నిఘంటువు (1884) ఇప్పటికీ అక్కరకొస్తుంది. చేతివృత్తుల మాటలకైతే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మొదలైన మాండలిక వృత్తిపదకోశం చూడండి. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయం మాటలది.

తత్సమం, తద్భవం, దేశ్యం అని విడగొడితే పని అయిపోయినట్టే కదా?

అది మొదలు మాత్రమే. సంస్కృతం మాట ఉన్నదున్నట్టు వస్తే తత్సమం, మారి వస్తే తద్భవం, సంస్కృతంతో సంబంధం లేనిది దేశ్యం. ఈ విభజన మాటను సంస్కృతంతో పోల్చి చూస్తుంది, కాలంతో దానికి పని లేదు. 'దేశ్యం' అనే గంపలో వేల ఏళ్ల నాటి సొంత మాటా ఉంటుంది, పక్క భాష నుంచి వచ్చిందీ ఉంటుంది. తద్భవం అని రాసేసినా ఎప్పుడు, ఏ ప్రాకృతం మీదుగా వచ్చిందో తేలదు. ఇంకో సంగతి, ఒకే సంస్కృతం మాట రెండుసార్లు రావచ్చు, రెండు రూపాలూ పక్కపక్కనే బతకవచ్చు. 'దృష్టి' అంటే చూపు, 'దిష్టి' అంటే తగిలే చూపు. 'యాత్ర' వేరు, 'జాతర' వేరు. ఇలాంటి జంటలు దొరికినప్పుడు నాకు పండగే, ఎందుకంటే రూపంతోపాటు అర్థం కూడా ఎలా చీలిందో అవే చెబుతాయి.

కాగితం మీద ఏం రాసుకోవాలి? నాకు అంతా గజిబిజి అయిపోతోంది.

ఒక మాటకు ఒక పేజీ ఇవ్వండి. మాట ఇప్పటి రూపం, విన్న చోటు, పాత రూపాలు, ఏ నిఘంటువు ఏమంది, దొరికిన అతి పాత ప్రయోగం ఎక్కడిది, తోబుట్టువు రూపాలు, అర్థం మారిన మెట్లు, చివర మీ అనుమానాలు. అనుమానాలను వేరే రంగులో రాయండి. ఆరు నెలల తర్వాత తిరిగి చూస్తే ఏది నిఘంటువు మాటో, ఏది మీ ఊహో తెలియకపోతే ఆ పేజీ ఎందుకూ పనికిరాదు. నా మొదటి రెండు నోటుబుక్కులు అలా వదిలేయాల్సి వచ్చింది, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అరసున్న, బండి ఱ పోయాయి కదా, వాటిని ఎందుకు పట్టించుకోవాలి?

అవి పాత ఉచ్చారణ వదిలి వెళ్లిన గుర్తులు కాబట్టి. ఇప్పుడు 'ఏడు' అని ఒకేలా రాస్తాం, కానీ లెక్కలో ఏడు వేరు, ఏడాది అనే ఏడు వేరు. సంవత్సరం అర్థంలో పాత రాత 'ఏఁడు'. ఆ అరసున్న అక్కడ ఒకప్పుడు అనునాసికం (ముక్కుతో పలికే ధ్వని) ఉండేదని చెబుతుంది, తమిళంలో 'ఆండు' చూస్తే అది కనిపిస్తుంది. లెక్కలో ఏడుకు అరసున్న లేదు, తమిళంలో అది 'ఏఴు'. ఆ ఴ అనే అక్షరం పాత తెలుగు శాసనాల్లోనూ ఉండేది, తర్వాత చాలాచోట్ల డ అయింది. కోఴి కోడి అయింది, చోఴులు చోడులయ్యారు. ఏడవడంలోని ఏడు ఇంకోటి, తమిళంలో 'అఴు'. అలాగే నది అర్థంలో 'ఏఱు', దుక్కికి కట్టే 'ఏరు' పాత రాతలో వేరువేరు. తమిళంలో ఇప్పటికీ ఒకటి ఆఱు, ఇంకోటి ఏర్. ఇప్పటి రాత మాత్రమే చూసి ఈ రెంటినీ ఒకే మాట చేసి అందమైన కథ అల్లినవాళ్లను చూశాను. శబ్దరత్నాకరం ఒక్కసారి తెరిచి ఉంటే ఆ కథ పుట్టేదే కాదు.

## పక్క భాషలతో పోల్చేటప్పుడు

రెండు భాషల్లో మాట ఒకేలా ఉంది, అర్థమూ ఒకటే. ఇంకేం రుజువు కావాలి?

చాలా కావాలి. పోలిక మీద ఆధారపడితే ప్రపంచంలో ఏ రెండు భాషలనైనా కలిపేయవచ్చు. పర్షియన్‌లో 'బద్' అంటే చెడ్డ, ఇంగ్లీషులో 'బ్యాడ్' అన్నా అదే, కానీ రెంటికీ సంబంధం లేదు. ఆస్ట్రేలియాలో మ్బబరం అనే భాషలో కుక్కను 'డాగ్' అనే అనేవారు, అదీ యాదృచ్ఛికమే. చుట్టరికానికి రుజువు పోలిక కాదు, క్రమం. ఒక భాషలో ఈ ధ్వని ఉన్నచోట రెండో భాషలో ఆ ధ్వని పదుల మాటల్లో, ఒకే పరిస్థితిలో వస్తోందా లేదా అన్నదే చూడాలి. ఒక్క జంట చూపించి ఎవరైనా పెద్ద మాట చెబితే, ఇంకో పది జంటలు చూపించమని అడగండి.

మరి రూపం పూర్తిగా వేరుగా ఉన్నా ఒకే మాట అంటారెలా?

మార్పు ఒక పద్ధతిలో జరిగింది కాబట్టి. తెలుగులో ప ఉన్నచోట ఇప్పటి కన్నడంలో హ వస్తుంది: పాలు-హాలు, పులి-హులి, పూవు-హూవు, పాము-హావు, పండు-హణ్ణు, పన్ను-హల్లు. పాత కన్నడంలో ఇవన్నీ ప తోనే ఉండేవి, కాబట్టి మారింది కన్నడమే అని ఖాయంగా చెప్పవచ్చు. ఇంకోచోట మారింది మనం: కన్నడం కివి అంటే మనం చెవి, కై అంటే చేయి, కెరె అంటే చెఱువు, గిళి అంటే చిలుక. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు పాత క తెలుగులో చ అయింది.

ఈ సూత్రం తెలిస్తే ఇంకో లాభం ఉంది. 'కెంపు' అనే మాట చూడండి. ఎరుపు అర్థంలో తెలుగు సొంత రూపం 'చెం' కదా, మరి ఇక్కడ క ఎందుకు మారలేదు? కన్నడంలో ఎరుపును కెంపు అంటారు. కాబట్టి ఆ మాట మనకు అటు నుంచి వచ్చి ఉండొచ్చని అనుమానించడానికి బలమైన కారణం దొరికింది. సూత్రానికి లొంగని మాటలే ఎక్కువ కబుర్లు చెబుతాయి.

తమిళం 'ఇరండు' మనకు 'రెండు' ఎలా అయింది? ముందున్న అచ్చు ఎటు పోయింది?

పోలేదు, లోపలికి జరిగింది. తెలుగులో మొదటి అచ్చు దాని తర్వాతి హల్లును దాటి వెళ్లి రెండో అచ్చుతో కలిసిపోవడం పెద్ద ఎత్తున జరిగింది. ఉరల్-రోలు, అవన్-వాడు, ఇరవు-రేయి, ఉళ్-లో. హల్లుతో మొదలైన మాటల్లోనూ ఇలాగే జరిగి జంట హల్లులు వచ్చాయి: తమిళం మరం మనకు మ్రాను, విరల్ మనకు వ్రేలు. తర్వాత ఆ ర జారిపోయి మాను, వేలు మిగిలాయి. ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన మూల ద్రావిడంలో మాట ర, ల లతో మొదలయ్యేది కాదు. అందుకే తెలుగులో ర తోనో ల తోనో మొదలయ్యే మాట కనిపిస్తే నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను: అచ్చు జరిగిందా, లేక బయటి నుంచి వచ్చిందా? ఒక జాగ్రత్త, తమిళ రూపం నుంచి తెలుగు రూపం పుట్టిందని దీని అర్థం కాదు. రెండూ ఒక పాత రూపం నుంచి చెరో దారిన నడిచాయి.

మాట ముందు నక్షత్రం గుర్తు పెడతారు, అదేమిటి?

ఆ రూపం ఎక్కడా రాతలో దొరకలేదని, వారసుల రూపాలను పోల్చి తిరిగి కట్టినదని అర్థం. దాన్ని తీసేసి రాస్తే ఊహను సాక్ష్యంగా చూపినట్టవుతుంది. దయచేసి తీసేయకండి.

మాట అప్పుగా వచ్చిందని ఎలా గుర్తుపట్టాలి?

కొన్ని సంకేతాలున్నాయి. ఖ, ఘ, భ లాంటి ఒత్తక్షరాలు, శ, ష లు ద్రావిడ మాటల్లో మొదట లేవు, కాబట్టి ఖాళీ, ఖరీదు చూడగానే బయటివని తెలుస్తుంది. కానీ సంకేతం లేనంత మాత్రాన సొంతం కాదు. 'కాగితం' చూడండి. లిఖితం, గణితం లాగా వినిపిస్తుంది కాబట్టి చాలాకాలం నేను సంస్కృతమే అనుకున్నాను. అది పర్షియన్ 'కాగజ్', మన నోట్లో సంస్కృతం తొడుగు వేసుకుంది. రెండో పరీక్ష వస్తువుది: వస్తువు ఎవరితో వచ్చిందో మాట కూడా చాలాసార్లు వాళ్లతోనే వస్తుంది. బొత్తాం, అలమార, మేస్త్రీ, తువాలు పోర్చుగీసు మాటలు. బాకీ, నగదు, వసూలు, రసీదు అరబ్బీ, పర్షియన్‌ల నుంచి పాలన, లెక్కల దారిలో దిగాయి. మూడోది చుట్టాల పరీక్ష. గోండి, కొలామి, కువి లాంటి భాషల్లో కూడా క్రమం తప్పని రూపాలతో ఉంటే అది పాత ఆస్తి అయ్యే అవకాశం ఎక్కువ.

సంస్కృత నిఘంటువులో ఉందంటే అది సంస్కృతమే కదా?

సంస్కృతం కూడా చుట్టుపక్కల నుంచి తీసుకున్న భాషే, అందులో తప్పేమీ లేదు. 'నీర', 'మీన' సంస్కృతంలో ఉన్నాయి, కానీ అవి ద్రావిడం నుంచి వెళ్లాయని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. తమిళంలో మీన్ అంటే చేపా, నక్షత్రమూ కూడా, మిన్ అంటే మెరవడం. ఆ కుటుంబమంతా ద్రావిడంలో ఉంది. ఇక 'కేంద్రం' గ్రీకు 'కెంట్రాన్'. జ్యోతిష గణితంతోపాటు సంస్కృతంలోకి వచ్చి, మనకు చేరింది. అదే గ్రీకు మాట లాటిన్, ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషులో 'సెంటర్' అయింది. ఇప్పుడు మనం కేంద్రం అన్నా సెంటర్ అన్నా ఒకే మాటను రెండు దారుల్లో వాడుతున్నాం. ఇది మొదటిసారి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

తెలుగు మాటలు ఇంగ్లీషులోకి వెళ్లాయా?

వెళ్లాయి. 'బ్యాండికూట్' మన పందికొక్కే. ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు కూడా తర్వాత ఆ పేరు పెట్టారు. 'గోడౌన్' సంగతి ఇంకా బాగుంటుంది: మలయ్ భాషలోని 'గుదాంగ్' మీదుగా ఇంగ్లీషుకు వెళ్లిందని, ఆ మలయ్ మాట వెనక తెలుగు 'గిడ్డంగి', తమిళ 'కిడంగు' ఉన్నాయని పలు నిఘంటువులు చెబుతాయి. 'క్యాష్' విషయంలో మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషులో ఆ రాతతో రెండు మాటలున్నాయి. చిన్న నాణెం అర్థంలో ఉన్నది మన కాసు కుటుంబానిది, రొక్కం అర్థంలో ఉన్నది ఫ్రెంచ్ నుంచి వచ్చింది.

## అర్థం మారినప్పుడు

మాటకు 'అసలు అర్థం' తెలిస్తే ఇప్పుడు తప్పుగా వాడుతున్నామని చెప్పొచ్చా?

చెప్పకూడదు. పాత అర్థం పాతది మాత్రమే, అదే సరైనది అనడానికి లేదు. 'నెయ్యి' ఒకప్పుడు ఏ జిడ్డుకైనా పేరు. నువ్వుల నుంచి తీసిన నెయ్యి 'నూనె' అయింది, అంటే నువ్వు + నెయ్యి. తర్వాత ఏమైందో చూడండి: నెయ్యి కుంచించుకుపోయి వెన్న కాచినదానికే మిగిలింది, నూనె విస్తరించి కొబ్బరినూనె, వేరుశనగ నూనె దాకా వెళ్లింది. చివరికి 'నువ్వుల నూనె' అని మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. దీన్ని తప్పు అందామా? తమిళంలోనూ ఇదే కథ, ఎళ్ అంటే నువ్వు, ఎళ్+నెయ్ కలిసి ఎణ్ణెయ్, ఇప్పుడు ఏ నూనెకైనా అదే పేరు.

'కంపు' కన్నడంలో ఇప్పటికీ సువాసన, మనకు దుర్వాసన. 'ఛాందసుడు' వేదం చదువుకున్నవాడు, ఇప్పుడు మొండి పాతకాలపు మనిషి. 'ముష్టి' అంటే పిడికిలి, ఆ పిడికెడు బియ్యం భిక్షగా వేయడం వల్ల భిక్షకే పేరైంది. ప్రతి మెట్టుకూ ఒక ప్రయోగం చూపించగలిగితే మీ పని బాగా జరిగినట్టు. రెండు అర్థాల మధ్య వంతెన ఏమిటో చెప్పలేకపోతే అవి నిజంగా ఒకే మాటేనా అని మళ్లీ చూడండి.

## శాసనాలు, ఊళ్లు, మనుషులు

శాసనాలు చదవడం నాకు రాదు. అవి లేకుండా కుదరదా?

కుదురుతుంది కానీ మాట వయసు తేల్చాలంటే అవే గట్టి సాక్షులు, ఎందుకంటే కావ్యాల్లా తిరగరాసుకుంటూ వచ్చినవి కావు, ఆనాడు చెక్కిందే ఈనాడూ ఉంది. పాత లిపి రాకపోయినా పరవాలేదు, అచ్చులో పాఠాలు దొరుకుతాయి. దక్షిణ భారత శాసనాల 10వ సంపుటం మొత్తం తెలుగు శాసనాలే. కడప జిల్లా కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది, రేనాటి చోళులది. అందులో 'రేనాణ్డు' అని, అంటే రేనాడు అనే ప్రాంతం పేరు, ఉంటుంది. ఆ 'నాణ్డు' తర్వాత 'నాఁడు', ఇప్పుడు 'నాడు'. పద్నాలుగు వందల ఏళ్ల మార్పు మూడు రూపాల్లో కనిపిస్తుంది. పాఠం వాడేటప్పుడు సంపాదకుడు బ్రాకెట్లలో పూరించిన అక్షరాలను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి.

మా ఊరి పేరు ఎలా వచ్చిందో చెప్పగలరా?

అందరూ అడిగేది ఇదే, తొందరపడి జవాబు చెప్పకూడనిదీ ఇదే. ఇప్పటి పేరు చూసి విడగొట్టకండి. పాత దానపత్రాలు, శాసనాలు, రెవెన్యూ రికార్డుల్లో ఏ రూపంలో ఉందో ముందు చూడండి. రెండో సంగతి, పేర్లకు సంస్కృతం అనువాదాలు కూడా ఉంటాయి, అనువాదమే మూలమని పొరబడతాం. ఓరుగల్లును ఒరు, కల్లు అని, అంటే ఒంటి రాయి అని వివరిస్తారు. 'ఏకశిలానగరం' దానికి సంస్కృత రూపం. పల్లి, పాడు, పూడి, కుర్రు, లంక లాంటి చివరి భాగాలను జిల్లా మ్యాపు మీద గుర్తుపెట్టి చూడండి. లంకలు గోదావరి, కృష్ణల దగ్గరే ఎందుకు గుంపుగా ఉన్నాయో మ్యాపే చెబుతుంది. స్థలపురాణాన్ని రాసుకోండి, గౌరవించండి, కానీ వేరే పేజీలో.

మా యాసలో మాట నిఘంటువు రూపానికి తేడాగా ఉంది. మాది చెడిపోయిన రూపమా?

అలా ఎప్పుడూ అనుకోవద్దు. తెలంగాణలో 'మొగులైంది' అంటారు, కావ్యాల్లో మబ్బును 'మొయిలు' అన్నారు. తమిళం ముగిల్, కన్నడం ముగిలు పక్కన పెట్టి చూస్తే గ ను నిలబెట్టుకున్నది మొగులే. యాసలు పుస్తకాలు వదిలేసినదాన్ని దాచిపెడతాయి. అందుకే పెద్దవాళ్ల మాటలు ఇప్పుడే రాసుకోవాలని నా తాపత్రయం.

పెద్దవాళ్లను అడిగితే 'అవునవును' అంటున్నారు. నమ్మొచ్చా?

మీ ప్రశ్నలోనే జవాబు పెట్టి ఉంటారు. "దీన్ని ఫలానా అంటారు కదా తాతా?" అంటే మిమ్మల్ని నొప్పించడం ఇష్టం లేక అవునంటారు. వస్తువు చూపించి "దీన్నేమంటారు తాతా?" అని అడగండి, పని చేస్తుంటే పక్కన కూర్చోండి, ఆ పనిలో ఉండగా దొర్లే మాటలే నిఖార్సైనవి. ఎవరు, ఏ ఊరు, ఏ పని అనేది వాళ్ల అనుమతితోనే రాసుకోండి.

'తెలుగు' అనే పేరు త్రిలింగం నుంచే వచ్చిందా?

ఇంకా తేలలేదు. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం అనే మూడు శివక్షేత్రాల మధ్య దేశం కాబట్టి త్రిలింగం, అదే తెలుగు అయిందన్నది పాత వివరణ. 'తెలుగు', 'తెనుగు' లాంటి దేశ్య రూపాలే ముందువని, త్రిలింగం వాటికి తర్వాత ఇచ్చిన సంస్కృత రూపమని చాలామంది భాషావేత్తలు అంటారు. తెన్ అంటే దక్షిణం అన్నది ఇంకో ప్రతిపాదన. మీరు రాసేటప్పుడు ఇవన్నీ ప్రతిపాదనలుగానే పెట్టండి.

## రాసి నలుగురికీ చెప్పేటప్పుడు

వాట్సాప్‌లో వచ్చిన ఒక వ్యుత్పత్తి చాలా బాగుంది. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

మూడు చూడండి. మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి ఒక్కోదానికీ అర్థం చెబుతున్నారా? అయితే చరిత్ర కాదు. ఏ కాలం, ఏ పుస్తకం అన్న ఊసు లేకుండా "పూర్వం ఒక రాజు" అని మొదలవుతోందా? అయితే రాజు పేరు అడగండి. ఆ మాట ఆ కథ జరిగిన కాలానికి ముందే ఎక్కడైనా వాడి ఉందా? ఉంటే కథ అక్కడితో పడిపోతుంది. నా అనుభవంలో కథ ఎంత బాగుంటే అంత జాగ్రత్త అవసరం, ఎందుకంటే నిజమైన చరిత్రలు చాలావరకు గుండ్రంగా ఉండవు.

చాట్‌బాట్‌ని అడిగితే సరిపోదా?

ఎక్కడ వెతకాలో సూచన తీసుకోవడానికి పరవాలేదు. కానీ అది ఇచ్చే ధాతువును, తమిళ రూపాన్ని, ఆరోపం సంఖ్యను మీరు నిఘంటువులో కళ్లారా చూసేదాకా రాయకండి. లేని రూపాన్ని కూడా ఉన్నంత ధీమాగా చెప్పే ప్రమాదం ఉంది.

ఎంత వెతికినా మూలం దొరకలేదు. టెన్షన్‌గా ఉంది, ఏదో ఒకటి రాయాలి కదా?

'మూలం తెలియదు' అని రాయండి. అది కూడా ఫలితమే. మంచి నిఘంటువుల్లో ఆ మాట తరచుగా కనిపిస్తుంది. ఎక్కడెక్కడ చూశారో, ఏ దారులు మూసుకుపోయాయో కూడా రాస్తే తర్వాత వచ్చేవాళ్లు అదే గోడకు తల కొట్టుకోరు. రెండు వివరణలు సమానంగా నిలబడితే రెండూ పెట్టి, మీకు ఏది ఎందుకు ఎక్కువ నచ్చిందో ఒక వాక్యంలో చెప్పండి.

నేనొక కొత్త వ్యుత్పత్తి కనిపెట్టాను. ముందు ఎవరికి చెప్పాలి?

దాన్ని ఒప్పుకోని మనిషికి. తర్వాత మీ వివరణకు అడ్డొచ్చే మాటలు మీరే ఏరండి: అదే ధ్వని, అదే పరిస్థితి, కానీ అలా మారని మాటలు. వాటికి కారణం చెప్పగలిగితే రాయండి. చెప్పలేకపోతే పేజీ మీద తేదీ వేసి పక్కన పెట్టండి. నా దగ్గర అలా నాలుగేళ్లు ఆగిన మాట ఒకటి ఉంది, మొన్న ఒక పాత శాసనం పాఠంలో దాని ఇంకో రూపం కనిపించింది, ఇప్పుడు మళ్లీ దాని మీదే కూర్చున్నాను.